అక్క అడిగిన పువ్వు

పుంగనూరు,
5 ఆగస్టు 2024.

తమ్ముడు దామోదర్‌కు,

నిన్న నువ్వు ఫోను చేసినప్పుడు సగం మాటలే వినపడ్డాయి. చెవి మిషను పెట్టుకుంటే కూ అంటుంది. తీసేస్తే నువ్వు నీళ్ళలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. "పోయింది", "మూసేస్తారు" అన్న రెండు మాటలు మాత్రం తెలిశాయి. ఏం పోయింది? ఏం మూసేస్తారు? దీపం ముందు కూర్చున్నా ఆ రెండు మాటలే చెవిలో తిరుగుతున్నాయి.

కాగితం మీద రాసి పంపు. పిల్లల చేత కాళ్ళతో ఆడించే మనిషివి, చేత్తో రాసే అలవాటు ఎప్పుడో తప్పిపోయి ఉంటుంది. అయినా రాయి.

మా అంగన్‌వాడీలో పిల్లలు బాగున్నారు. వాన లేదు. మరదలు గీతను అడిగానని చెప్పు.

నీ మేలు కోరే
అక్క సావిత్రమ్మ


కుప్పం,
14 ఆగస్టు 2024.

అక్కా,

నీ కవరు చూసి స్టాఫ్ రూములో అందరూ నవ్వారు. "ఏం పి.డి. సారూ, ఈ కాలంలో ఉత్తరమా? కోర్టు నోటీసేమో చూడు" అన్నారు. నవ్వనీ.

పోయింది మ్యాచ్. ఈ సీజన్లో రెండు ఆడాం, రెండూ పోయాయి. మూసేసేది మా ఫుట్‌బాల్ టీమును. నువ్వు కాలేజీనే మూసేస్తారని భయపడి ఉంటావు. కాలేజీకేం, దివ్యంగా నడుస్తోంది. కంప్యూటరు క్లాసుల్లో కూర్చోవడానికి చోటు లేదు.

మా కరస్పాండెంట్ శంకరప్ప తన గదికి పిలిపించాడు. ఇంకో నలుగురు లెక్చరర్లు అక్కడే కూర్చుని ఉన్నారు.

"దామోదర్, పోయిన సంవత్సరం ఎన్ని గెలిచినారప్పా?"

"ఒకటీ లేదు సార్."

"దాని ముందు సంవత్సరం?"

"ఒకటి డ్రా అయింది సార్."

"డ్రా అంటే గెలిచినట్టా?"

"కాదు సార్."

"మరి అంత దూరం వ్యానెక్కి పోయేది యాల? ఓడేదానికైతే ఈడనే ఓడొచ్చు గదా, డీజిలన్నా మిగులుతాది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేసేది. నవ్వు అయిపోయాక ఆయన అసలు మాట చెప్పాడు. ఈ సీజన్లో మొత్తం ఆరు మ్యాచ్‌లు. మిగిలిన నాలుగింటిలో ఒక్కటి గెలిచి చూపిస్తే టీము ఉంటుంది. లేకపోతే ఇదే ఆఖరు. గ్రౌండులో కాలేజీ బస్సులకు షెడ్డు వేస్తారు.

అక్కా, ఈ పిల్లలు గొప్ప ఆటగాళ్ళని నేను చెప్పను. క్లాసులో వీళ్ళను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. వెనక బెంచీ, రోల్ నంబరు, అంతే. గ్రౌండులోకి వస్తేనే వాళ్ళకు పేర్లు. మా కెప్టెన్ మునికుమార్‌ది రామకుప్పం పక్క పల్లె. వాళ్ళ నాయన అంకయ్యకు అడవి అంచున రాగిచేను ఉంది. కంకి పడితే ఏనుగులు దిగుతాయి, కావలి ఉండాలి. ఆ పిల్లవాడు కావలి కాసి ఎర్రటి కళ్ళతో ప్రాక్టీసుకు వస్తాడు. అందరికంటే బాగా ఆడేదీ వాడే.

అంగళ్లులో ఒక స్కూలు వాళ్ళు నన్ను డ్రిల్లు మాస్టరుగా రమ్మంటున్నారు. గీత పొమ్మంటోంది. అది తర్వాత సంగతి.

నువ్వు ఒక్క పని చెయ్యి. బోయకొండకు పోయి గంగమ్మను నా తరఫున పువ్వు అడుగు. "ఈ సీజన్లో ఒక్క మ్యాచ్ గెలుస్తామా?" ఇంతే అడుగు. నేను అడిగితే పడదేమో. నువ్వు అడిగితే అమ్మ కాదనదు.

నీ తమ్ముడు
దామోదర్


పుంగనూరు,
27 ఆగస్టు 2024.

దామోదర్‌కు,

ఉత్తరం చేరింది. నెమ్మదిగా చదివాను. నీ ఆట నాకు తెలియదు. అంతమంది పరిగెత్తే చోట బంతిని చేత్తో ముట్టుకునే హక్కు ఒక్కడికే ఎందుకో పక్కింటి పూలమ్మకు కూడా అర్థం కాలేదు. "దేవుడు అందరికీ చేతులిస్తే వీళ్ళు యాల వద్దనేది?" అంది.

ఆదివారం పూలమ్మను తోడు తీసుకుని బోయకొండకు పోయాను. రద్దీగా ఉంది. పూజారి అమ్మ తల మీద పువ్వులు పెట్టి, కుడి పక్క పడితే అవునని, ఎడమ పక్క పడితే కాదని చెప్పి, మనసులో అడుక్కోమన్నాడు. నాకు తోచిన మాటల్లో అడిగాను.

కుడి పక్క పడింది.

"అమ్మ ఇచ్చింది, కదులు తల్లీ" అన్నాడు పూజారి. వెనకున్నవాళ్ళు తోశారు, బయటికి వచ్చేశాను. కుంకుమ ఈ కవర్లో పెట్టాను.

కళ్ళు ఎర్రబడే ఆ పిల్లవాణ్ణి పగలు ఒక గంట పడుకోనివ్వు.

అక్క


కుప్పం,
16 సెప్టెంబరు 2024.

అక్కా,

కుడి పక్క! ఆ మాట చదివి నేను స్టాఫ్ రూములో లేచి నిలబడ్డాను.

సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పాను. మా అక్క బోయకొండలో పువ్వు అడిగింది, కుడి పక్క పడింది, ఒక మ్యాచ్ మనదే అన్నాను. మా గోల్‌కీపర్ గౌతమ్‌కు నోరు ఊరుకోదు.

"సార్, ఏ మ్యాచో అడగలేదా అక్క? అది తెలిస్తే మిగతావాటికి నేను నిద్రన్నా పోతా."

"నువ్వు మ్యాచ్‌లోనే నిద్రపోతాండావు గదరా, యింక వేరేగా యాల?" అన్నారు పక్కవాళ్ళు.

మునికుమార్ నవ్వలేదు. అందరూ పోయాక నా దగ్గరికి వచ్చాడు. "నిజంగా కుడి పక్కేనా సార్?" అన్నాడు. ఉత్తరం చూపించాను. చదివి మడిచి ఇచ్చాడు. మరుసటి రోజు పెట్టె తెచ్చుకుని హాస్టల్లో దిగాడు. సీజన్ అయ్యేదాకా కావలికి రానని వాళ్ళ నాయనతో చెప్పి వచ్చాడట. అమ్మవారే మాట ఇచ్చినప్పుడు సగం నిద్రతో ఆడితే తప్పు కదా సార్, అన్నాడు. నాకూ నిజమే అనిపించింది.

మూడో మ్యాచ్ ఒక గోల్ తేడాతో పోయింది. కానీ చూడు, ఈ సీజన్లో మేము మొదటి గోల్ కొట్టాం. మునికుమారే కొట్టాడు. నువ్వు పంపిన కుంకుమ అందరూ పెట్టుకున్నారు. కాలేజీ అంతా ఈ సంగతి తెలిసిపోయింది. శంకరప్ప వరండాలో ఎదురై, "పువ్వు పడిందంట గదప్పా, గోల్ పడేది ఎప్పుడు?" అన్నాడు. ఒకటి పడింది సార్, అన్నాను తల పైకెత్తి.

ఇంకో మాట. అంగళ్లు స్కూలు వాళ్ళకు రానని చెప్పేశాను. గీత రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. "గంగమ్మే ఉండమన్నప్పుడు నేనేం చేసేది?" అంటే, "అయితే గంగమ్మనే సంగటి గెలకమను" అని గరిట కింద పెట్టి పోయింది.

దానికీ ఒక పువ్వు అడుగు అక్కా.

దామోదర్


పుంగనూరు,
23 సెప్టెంబరు 2024.

దామోదర్,

దీన్ని ఎవరూ లేని చోట చదువు.

నువ్వు అడగమన్నది నేను అడగలేదు.

అమ్మ ముందు నిలబడ్డాక గెలుపు అడగడానికి మనసు ఒప్పలేదు. అవతలి పిల్లలకూ తల్లులు ఉంటారు. వాళ్ళూ ఆ కొండే ఎక్కుతారు. అందుకని, "మా తమ్ముడు ఆ చోటు వదిలి అంగళ్లుకు రావచ్చునా, అక్కడ వాడికి నిలకడ దొరుకుతుందా?" అని అడిగాను. కుడి పక్క పడింది ఆ మాటకు.

నీ బాగు అడిగాను కదా, ఏ మాటల్లో అడిగితేనేం అనుకున్నాను. విడమరిచి రాయలేదు. నువ్వు దాన్ని పిల్లల ముందు పెడతావని, దాన్ని నమ్మి ఉద్యోగం వద్దంటావని నాకు తట్టలేదు.

అంగళ్లు వాళ్ళను మళ్ళీ అడుగు. సిగ్గుపడకు. పిల్లలకు ఉన్నది ఉన్నట్టు చెప్పు. మునికుమార్‌ను వెంటనే చేనికి పంపు. కంకులు పడే కాలం ఇది.

అక్క


కుప్పం,
9 అక్టోబరు 2024.

అక్కా,

అంగళ్లు వాళ్ళు వేరే ఆయన్ను తీసుకున్నారు. పోయి అడిగి వచ్చాను. అమ్మ కుడి పక్క ఇచ్చిన ఉద్యోగాన్ని ఆ అమ్మ పేరు చెప్పే వదులుకున్నాను. ఇలాంటి తమాషా ఎవరికైనా జరుగుతుందా?

నా మాట నీకు ఒక్కటే ఇచ్చి పంపాను. దాన్ని దారిలో పారేసి నీ మాట పెట్టావు. గీత నీకు ఫోను చేసిందా? ఇద్దరూ కూడబలుక్కున్నారా? నిజం చెప్పు.

పిల్లలకు నేను చెప్పలేదు. చెప్పను. నాలుగోది అయిదు గోల్స్ తేడాతో పోయింది. వ్యాన్లో వస్తూ వాళ్ళు దిగులు పడలేదక్కా. "యింకా రెండుండాయి గదా సార్, ఆ రెంట్లో ఒకటి" అంటున్నారు. ఆ ముఖాలు చూసి ఏం చెప్పమంటావు?

కొన్నాళ్ళు నాకు రాయొద్దు.

దామోదర్


పుంగనూరు,
21 అక్టోబరు 2024.

దామోదర్,

రాయొద్దన్నావు. ఇది ఒక్కటి రాస్తాను.

గీత నాకు ఫోను చేయలేదు. చేసినా నాకు వినపడదని నీకు తెలుసు. ఆమెను ఆ మాట అని ఉంటే వెనక్కి తీసుకో. తప్పు నా ఒక్కదానిదే.

నిన్న మళ్ళీ కొండకు పోయాను. ఒక్కదాన్నే. ఈసారి నీ మాటే అడిగాను. ఒక్క అక్షరం మార్చలేదు.

ఎడమ పక్క పడింది.

ముందుసారి తక్కువ రాసి నిన్ను ముంచాను. ఈసారి దాచకుండా రాస్తున్నాను. ఎడమ అంటే ఆడొద్దని కాదు. ఆడనీ. కానీ లేని మాట మీద వాళ్ళను నిలబెట్టవద్దు. చేను సంగతి మరీ మరీ చెబుతున్నాను.

అక్క


కుప్పం,
12 నవంబరు 2024.

అక్కా,

నీ మాట అప్పుడే విని ఉండాల్సింది.

నవంబరు మొదట్లో ఏనుగులు దిగాయి. చేనిలో అంకయ్య ఒక్కడే ఉన్నాడు. ఆయనకు ఆయాసం. డబ్బా కొట్టాడట, టపాకాయలు నానిపోయి పేలలేదట. తిన్నంత తిని, తిననిది తొక్కి పోయాయి.

మరుసటి రోజు ఆయన కాలేజీకి వచ్చాడు. పోట్లాటకు వచ్చాడనుకున్నాను. చెప్పులు గేటు దగ్గరే విడిచి వచ్చి గ్రౌండు గట్టున కూర్చున్నాడు.

"సారూ, పిల్లోణ్ణి తీసుకపోదామని వచ్చినా. చేను దున్నేసేదుండాది."

"తప్పయిపోయింది అంకయ్యా" అన్నాను.

"మీదేం తప్పు సారూ. అమ్మోరి మాటని పిల్లోడు చెప్పినాడు. అమ్మోరి మాట కాదంటానా నేను? అమ్మోర్ని ఏమీ అనను, మిమ్మల్నీ అనను. రాగులు మాత్రం లేవు."

అంతే అన్నాడు. మునికుమార్ పెట్టె మోసుకుని ఆయన వెనక పోయాడు. నా వైపు చూడలేదు.

ఆ సాయంత్రం వాన. పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. మొదటి పువ్వు మన గెలుపు కోసం అడిగింది కాదు, నేను అంగళ్లుకు పోవచ్చునా అని అడిగింది అన్నాను. గౌతమ్ తలెత్తాడు.

"అంటే మీరు మమ్మల్నిడిసి పోయేదానికి పువ్వు అడిగించినారా సార్?"

"నేను కాదప్పా, మా అక్క తనంతట తనే."

"మీరు చెప్పకుండా మీ అక్క యాల అడుగుతాది సార్?"

ఎంత చెప్పినా వాళ్ళ మనసులో ఒకటే పడింది. సారు ముందే పోదామనుకున్నాడు, కుదరక ఉండిపోయాడు. నేను అంగళ్లు వద్దన్నది వీళ్ళ కోసం. అది చెబితే ఇప్పుడు నాకే అబద్ధంలా వినపడుతోంది. రెండో పువ్వు సంగతి ఎత్తనే లేదు.

అయిదో మ్యాచ్‌కు పదిమందే వచ్చారు. పోయింది. ఎన్ని గోల్సో రాయను.

ఆఖరిది డిసెంబరు ఏడున, మదనపల్లెలో. మునికుమార్ లేకుండా ఆడాలి.

గీతతో మాట వెనక్కి తీసుకున్నాను. "నువ్వు తీసుకున్నా అది యాడికీ పోలేదు, ఈ ఇంట్లోనే ఉండాది" అంది.

దామోదర్


పుంగనూరు,
22 నవంబరు 2024.

దామోదర్,

రామకుప్పం పోయి వచ్చాను. అంగన్‌వాడీకి సెలవు పెట్టాను. పలమనేరులో బస్సు మారి పోయేసరికి మధ్యాహ్నం అయింది.

అంకయ్య చేనిలో ఉన్నాడు. ఇంట్లో ఆయన భార్య రామక్క ఉంది. గుమ్మంలో నిలబడి, పువ్వు అడిగినది నేనే అన్నాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"నువ్వా? ఎవరో పెద్ద పూనకమొచ్చే ఆమనుకుంటి. నువ్వు సూస్తే బాలవాడి టీచర్ మాదిరి ఉండావే."

"బాలవాడి టీచర్నే" అన్నాను.

"అయితే కూసో. తిన్నావా?"

సంగటి పెట్టింది. నాకు చెయ్యి కదల్లేదు. "తిను. ఇది పోయినేడాది రాగిలే. ఈ ఏడాదివి అయితే నీకు పెట్టేదాన్ని కాదులే" అంది. తిన్నాను.

క్షమించమని అడగాలని పోయాను. ఆ మాట ఆమె ఎత్తనివ్వలేదు. ఏనుగుల గురించి చెప్పింది. పిల్లను మధ్యలో పెట్టుకుని వచ్చాయట. పిల్ల ఏనుగు కంకులు తినడం రాక తొండంతో పీకి నెత్తిన వేసుకుందట. ఇది చెబుతూ నవ్వింది, నవ్వుతూనే కొంగు కళ్ళకు పెట్టుకుంది.

పోయేటప్పుడు నేనే అడిగాను. ఆఖరి ఆట ఉంది, పిల్లవాడు పోతాడా అని.

"పోనీలేమ్మా. ఏనుగులు తిన్నంక కావిలి యాల? ఇంక వానికి పనేముండాది, ఆడుకోమను" అంది.

కొడుకు లోపల పడుకుని ఉన్నాడు. అంతా విన్నాడు. బయటికి రాలేదు.

ఆ ముసలాయన ఆయాసానికి మందు సరిగా వాడటం లేదు. మా ఊరి ఆసుపత్రికి రమ్మన్నాను. వస్తారో రారో.

అక్క


కుప్పం,
10 డిసెంబరు 2024.

అక్కా,

అయిపోయింది. ఒక్క గోల్ తేడాతో పోయింది.

రామక్క మాట నిలబెట్టుకుంది. మునికుమార్ నేరుగా మదనపల్లెకు వచ్చాడు. నాతో మాట్లాడలేదు. కెప్టెన్ పట్టీ ఇస్తే గౌతమ్ చేతికి కట్టి, తను మామూలుగా దిగాడు. అందరూ బాగా ఆడారు. ఇంత బాగా ఎప్పుడూ ఆడలేదు. ఒక్క గోల్ ముందే పడి ఉంటే అనిపించేలా ఆడారు. అలా ఆడకపోయినా బాగుండేది, ఇంత బాధ ఉండేది కాదు.

నిన్న శంకరప్ప పిలిచాడు. ఈసారి ఎగతాళి చేయలేదు. "కొంచెంలో పోయిందంట గదప్పా" అన్నాడు మెల్లగా. అప్పుడే నాకు తెలిసింది, ఇంక మార్పు లేదని. పరీక్షలయ్యేదాకా నన్ను లైబ్రరీలో కూర్చోమన్నారు. తర్వాత అవసరం లేదు. షెడ్డుకు గుంతలు తవ్వుతున్నారు. గోల్ స్తంభాలు కోసి ఒక పక్క పడేశారు.

ఈ రోజు పొద్దున అలవాటుగా గ్రౌండుకు పోయాను. ఎవరూ రాలేదు. రావద్దని చెప్పింది నేనే. అయినా కాసేపు నిలబడ్డాను.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. ఆ రోజు నువ్వు వస్తావేమో అని గట్టు మీద జనంలో వెతికాను. పుంగనూరు నుంచి గంట దారి. రామకుప్పం దాకా పోయినదానివి మదనపల్లెకు రాలేకపోయావు. ఎడమ పక్క పడిందని ముందే తెలిసినదానివి కదా, ఓడిపోయేది పోయి చూసేది యాల అనుకున్నావేమో.

దామోదర్


పుంగనూరు,
17 డిసెంబరు 2024.

నాయనా దామూ,

నేను వచ్చాను.

నీకు కనపడకూడదని గోడ పక్కన, టీ అంగడి దగ్గర గొడుగు వేసుకుని కూర్చున్నాను. నన్ను చూస్తే నీకు పువ్వు గుర్తొస్తుంది, ఆ రోజు అది వద్దనుకున్నాను.

ఆట నేను చూడటం అదే మొదలు. మనవాళ్ళవి పచ్చ బనియన్లు, వాళ్ళవి ఎర్రవి అని చూసి పెట్టుకున్నాను. వాన తుంపరకు గ్రౌండు బురదైంది, చూస్తుండగానే అందరివీ మట్టిరంగే అయ్యాయి. అందుకని దిక్కు గుర్తు పెట్టుకున్నాను. మనవాళ్ళు బస్టాండు వైపు గోల్‌లోకి కొట్టాలి. అటే చూస్తూ జపం చేసుకున్నాను. గెలిపించమని అడగలేదు, కానీ కళ్ళు అటే ఉన్నాయి. అది అడగడం కాదని ఎలా అంటాను?

మధ్యలో ఆపి నీళ్ళు తాగారు. మళ్ళీ మొదలుపెట్టాక, బంతి బస్టాండు వైపు గోల్‌లోకి పోయింది. అందరూ అరిచారు. నేను లేచి నిలబడ్డాను. గొడుగు కింద పడేసి రెండు చేతులూ ఎత్తి అమ్మకు దండం పెట్టాను. కళ్ళ నీళ్ళు వచ్చాయి. నా జీవితంలో అంత సంతోషం ఎప్పుడో గాని పడలేదు.

కూర్చున్నాక టీ అంగడాయనను అడిగాను, "కుప్పం పిల్లోళ్ళేనా?" అని. ఆయన జాలిగా చూశాడు. "లేదమ్మా. నీళ్ళు తాగినాక పక్కలు మార్చుకుంటారు. ఇప్పుడు కొట్టింది మా మదనపల్లోళ్ళు" అన్నాడు.

అది నాకు నువ్వెప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

తర్వాత ఆట నేను సరిగా చూడలేదు. మునికుమార్ కొట్టిన బంతి ఒకటి స్తంభానికి తగిలి వెనక్కి వచ్చింది. అది చూశాను. వాడు తల పట్టుకోలేదు, మళ్ళీ పరిగెత్తాడు.

విజిల్ ఊదాక నీ దగ్గరికి రావాలనే లేచాను. సగం దూరం వచ్చాను కూడా. పిల్లలు వ్యానెక్కి కూర్చున్నారు. నువ్వు కొళాయి దగ్గర గొంతుక్కూర్చుని వాళ్ళ బూట్లు ఒక్కొక్కటే పుల్లతో గీకి, బురద కడిగి, జతలు జతలుగా పెడుతున్నావు. మళ్ళీ ఆట ఉన్నట్టే. నేను వెనక్కి తిరిగాను. అక్కడికి రావడానికి నా దగ్గర ఏ మాటా లేదు నాయనా.

బస్సులో రద్దీగా ఉంది. మదనపల్లె టీము పిల్లలు ఇద్దరు ఎక్కారు, పుంగనూరు పిల్లలే. బురద బనియన్ల మీదే ఉన్నారు. ఒకడు నన్ను చూసి నవ్వాడు.

"పెద్దమ్మా, మా గోల్ పడినప్పుడు లేసి దండం పెట్టింది నువ్వే గదా? మావాళ్ళలో ఎవురి అమ్మవు?"

"ఎవురి అమ్మనూ కాదప్పా. మాది కుప్పం టీము" అన్నాను.

వాడి నవ్వు ఆగిపోయింది. పక్కవాడు మోచేత్తో పొడిచాడు. కాసేపటికి ఆ నవ్వినవాడే లేచి నాకు సీటిచ్చాడు. కమ్మీ పట్టుకుని నిలబడి, బస్సు బాగా దూరం వచ్చాక చెప్పాడు.

"మీవాళ్ళు బాగా ఆడినారు పెద్దమ్మా. ఆ స్తంభానికి తగిలింది లోపలికి పోయుంటే మాకు కష్టమైపోయేది. ఏమీ అనుకోవద్దు. వచ్చే సంవత్సరం మీరు గెలుస్తారులే."

మాకు ఇంక వచ్చే సంవత్సరం లేదని చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పమని నీకు రాసినదాన్ని నేనే కదా.

"సరే నాయనా" అన్నాను.

పుంగనూరు బస్టాండులో వాడు నా సంచి దించి పెట్టి పోయాడు.

అక్క